ఏకేఆర్ ఎలుకలకు ల్యుకేమియా తెచ్చేది పుట్టుకతో వచ్చిన వైరసేనా?

ప్రశ్న ఇది: ఏకేఆర్ జాతి ఎలుకల్లో ప్రతి కణంలోనూ ల్యుకేమియా వైరస్ జన్యువు పుట్టుకతోనే ఉంటుందంటారు. అలాంటప్పుడు జబ్బు ఏడెనిమిది నెలలదాకా ఎందుకు ఆగుతుంది? వచ్చినా థైమస్ గ్రంథిలోనే (ఛాతీలో, టీ-కణాలు అనే తెల్ల రక్తకణాలు పెరిగే చోటు) ఎందుకు మొదలవుతుంది? సీ57బీఎల్/6 నల్ల ఎలుకల్లోనూ ఇదే తరహా వైరస్ ఉంది కదా, వాటికెందుకు రాదు? ల్యాబ్‌లో దీన్ని ఎలా తేల్చుకోవాలి?

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. తల్లిదండ్రుల నుంచి వచ్చే వైరస్ వేరు, కేన్సర్ తెచ్చే వైరస్ వేరు. రెండోది ఏ ఎలుకకూ వారసత్వంగా రాదు. ప్రతి ఎలుక ఒంట్లోనూ, దాని జీవితకాలంలోనే, మూడు రకాల పాత వైరస్ జన్యువుల ముక్కలు కలిసి కొత్తగా తయారవుతుంది. వారసత్వంగా వచ్చేది ముడిసరుకు మాత్రమే. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా ప్రశ్నలన్నీ విడిపోతాయి. చాలా పాఠాల్లో "ఏకేఆర్ ఎలుకలకు ల్యుకేమియా వైరస్ వంశపారంపర్యంగా వస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. తికమకంతా అక్కడే మొదలవుతోంది.

ఏకేఆర్ జాతి మూలాలు 1930 ప్రాంతానివి. అమెరికాలో జాకబ్ ఫర్త్ ల్యుకేమియా ఎక్కువగా వచ్చే ఎలుకల్ని ఏరి, తరతరాలుగా వాటిలో వాటినే జతకట్టించి ఈ జాతిని నిలబెట్టారు. వీటిలో 60 నుంచి 90 శాతానికి ఏడాది లోపు టీ-కణాల లింఫోమా వస్తుంది. ఇక్కడ ల్యుకేమియా అంటున్నదీ ఈ జబ్బునే. 1951లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో లుడ్విక్ గ్రాస్ ఈ ఎలుకల కణజాలం నుంచి కణాలు లేని సారం తీసి, జబ్బు అరుదుగా వచ్చే సీ3హెచ్ జాతి పిల్లలకు ఎక్కించారు. వాటికీ ల్యుకేమియా వచ్చింది. అంతకుముందు ఎందరు ప్రయత్నించినా రాకపోవడానికి కారణం వయసు. పుట్టిన కొన్ని గంటల్లోనే ఎక్కిస్తేనే ఫలితం దక్కింది. పెద్ద ఎలుకలో రోగనిరోధక వ్యవస్థ వైరస్‌ను పట్టేస్తుంది. ఇవాళ ప్రయోగం చేసేవారికీ ఇదే నియమం. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోపు, పొట్టలోకి 0.05 నుంచి 0.1 మి.లీ. మించకుండా ఇవ్వాలి. రెండు వారాల పిల్లలకు ఇచ్చి "ఈ వైరస్ పనిచేయదు" అని తేల్చేస్తే ఆ ఫలితానికి విలువ లేదు.

ఇక వారసత్వం సంగతి. రెట్రోవైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి కణం క్రోమోజోమ్‌లో అతికించేస్తుంది. అతుక్కున్న ఆ ముక్కను ప్రొవైరస్ అంటాం. ఎలుక ల్యుకేమియా వైరస్ విషయంలో దాని పొడవు సుమారు 8,800 అక్షరాలు. అండం, వీర్యకణం తయారయ్యే కణాల్లో ఎప్పుడైనా అలా అతుక్కుంటే, అక్కడి నుంచి అది మామూలు జన్యువులాగే మెండెల్ సూత్రాల ప్రకారం పిల్లలకు పోతుంది. దీన్ని నిరూపించింది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో వాలెస్ రో, జానెట్ హార్ట్లీ, డగ్లస్ లోవీ, నటాలీ టైక్‌ల బృందం. 1971లో వారు వైరస్ జాడ ఏమాత్రం లేని ఏకేఆర్ పిండకణాలకు అయోడోడీఆక్సీయురిడిన్ అనే మందు తగిలించారు. కొద్ది రోజుల్లోనే వైరస్ బయటపడింది. బయటి నుంచి సోకే అవకాశమే లేని కణం నుంచి వైరస్ వచ్చిందంటే, అది లోపలే నిద్రపోతోందన్నమాట.

తర్వాత రో చేసిన సంకరాల లెక్క ఇప్పటికీ విద్యార్థులకు చెప్పదగ్గది. ఏకేఆర్‌ను, ఈ వైరస్ లేని ఎన్‌ఐహెచ్ స్విస్ ఎలుకతో కలిపితే మొదటి తరం పిల్లలన్నిటిలో వైరస్ కనిపించింది. ఆ పిల్లల్ని మళ్లీ స్విస్‌తో కలిపితే నాలుగింట మూడు వంతుల పిల్లల్లో కనిపించింది. ఒకే జన్యువైతే సగమే రావాలి. ముప్పావు వచ్చిందంటే, వేర్వేరు క్రోమోజోముల మీద రెండు ప్రొవైరస్‌లు ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు అని అర్థం. వీటికి ఏకేవీ1, ఏకేవీ2 అని పేర్లు పెట్టారు. మొదటిది 7వ క్రోమోజోమ్ మీద, రెండోది 16వ దాని మీద ఉన్నాయి.

ఇలాంటి సంకరం మీరూ చేయదలిస్తే ఒక జాగ్రత్త. ఏకేఆర్ తల్లి ఒంటినిండా వైరస్ ఉంటుంది. కడుపులో ఉండగానో, పాల ద్వారానో పిల్లలకు అది సోకుతుంది. అప్పుడు జన్యువు అందని పిల్లలో కూడా వైరస్ కనిపించి లెక్క చెడుతుంది. అందుకని ఏకేఆర్‌ను తండ్రి వైపు నుంచే తీసుకోండి. తల్లి వైపు నుంచి తప్పనిసరైతే పిల్లల్ని పుట్టగానే వైరస్ లేని జాతి తల్లికి మార్చండి. పాల దారి మూసుకుంటుంది గానీ గర్భంలో సోకినదాన్ని ఈ మార్పు ఆపదు. ఇంకో సంగతి: వైరస్ నిండిన తల్లి అండాల్లోకి కూడా కొత్త ప్రొవైరస్‌లు చేరుతుంటాయి. కాబట్టి విడిగా పెంచిన ఏకేఆర్ ఉపశాఖల్లో ప్రొవైరస్‌ల సంఖ్య ఒకేలా ఉండదు. ఏకేఆర్/జే తో మొదలుపెట్టి మధ్యలో ఏకేఆర్/ఎన్ తెచ్చి కలపకండి. మొదటి జతల డీఎన్‌ఏ ఫ్రీజర్‌లో దాచుకోండి.

ఇంతవరకూ చెప్పిన ఏకేవీ వైరస్ పుట్టిన కొద్ది వారాల్లోనే ఎలుక ఒంటినిండా పాకుతుంది. రక్తంలో, ప్లీహంలో, తోక కొసలో ఎక్కడ వెతికినా దొరుకుతుంది. అయినా నెలల తరబడి ఎలుక ఆరోగ్యంగా తిరుగుతుంటుంది. ఇదే వైరస్‌ను విడిగా పెంచి వేరే జాతి పిల్లలకు ఎక్కిస్తే కేన్సర్ దాదాపు రాదు. 1977లో హార్ట్లీ, రో తదితరులు ముసలి ఏకేఆర్ ఎలుకల థైమస్‌లో వేరే వైరస్‌ను పట్టారు. ఏకేవీ ఎలుక కణాలకే సోకుతుంది. దీన్ని ఎకోట్రోపిక్ అంటారు. కొత్తది మింక్ అనే జంతువు ఊపిరితిత్తుల కణాల్లో కూడా పెరిగి, కణాల రూపం మార్చి మచ్చల్లా చూపించింది. అందుకే దానికి మింక్ కణ మచ్చల వైరస్, పొట్టిగా ఎంసీఎఫ్ అని పేరు వచ్చింది. పిన్న వయసు ఏకేఆర్‌లకు దీన్ని ఎక్కిస్తే లింఫోమా గడువు కంటే ఎంతో ముందే వచ్చింది.

ఎంసీఎఫ్ ఎక్కణ్నుంచి వచ్చిందన్నది ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ప్రయోగశాల ఎలుక జన్యుసముదాయంలో ఎకోట్రోపిక్ ప్రొవైరస్‌లు ఒకటో రెండో ఉంటే, వాటి దాయాదులు మరో యాభై దాకా ఉంటాయి. వీటిలో పాలీట్రోపిక్ (ఎలుక, ఇతర జంతువుల కణాలు రెంటికీ సరిపడే ఎన్వలప్ ఉన్న) రకాలు తమంతట తాము వైరస్‌గా బయటపడలేవు. జీనోట్రోపిక్ (ఇతర జంతువుల కణాలకే ఎక్కువగా సోకే) రకాల్లో 1వ క్రోమోజోమ్ మీదున్న బీఎక్స్‌వీ1 బయటపడగలదు గానీ, ప్రయోగశాల జాతుల కణాల్లో చాలావాటిలోకి తిరిగి దూరలేదు. ఒంటరిగా ఇవేవీ ప్రమాదకరం కావు. ఏకేవీ మాత్రం ఒళ్లంతా పాకుతూ ప్రతి కణంలోకీ దూరుతుంటుంది. రెట్రోవైరస్ రేణువు రెండు ఆర్‌ఎన్‌ఏ పోగుల్ని మూటగట్టుకుంటుంది. ఒకటి తనది, రెండోది పక్కనే తయారైన దాయాదిది అయితే, తర్వాతి కణంలో డీఎన్‌ఏగా మారేటప్పుడు ఎంజైము ఒక పోగు మీంచి ఇంకో పోగు మీదికి గెంతుతుంది. ఫలితం కలగాపులగపు వైరస్. స్టోయ్, మొరోనీ, కాఫిన్ 1991లో ఏకేఆర్ కణితుల్లో ఈ మెట్లను వరసగా చూపించారు. ముందు ఏకేవీకి బీఎక్స్‌వీ1 నుంచి కొసభాగం, అంటే ఎల్‌టీఆర్ అనే స్విచ్చు అందుతుంది. తర్వాత పాలీట్రోపిక్ ప్రొవైరస్ నుంచి ఎన్వలప్ (వైరస్ పైపొర) జన్యువు ముందుభాగం అందుతుంది. ఈ రెండూ జరిగాకే అసలు ముద్దాయి తయారవుతుంది.

మీ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు ఆ రెండు ముక్కల్లోనే ఉంది. ఎల్‌టీఆర్‌లో ఎన్‌హాన్సర్ అనే చిన్న వరస ఉంటుంది. వైరస్ ఏ కణంలో గట్టిగా పనిచేయాలో నిర్ణయించేది అదే. ఏకేవీ ఎన్‌హాన్సర్ టీ-కణాల్లో నీరసంగా ఉంటుంది. కొత్తగా అందినది అక్కడ జోరుగా పనిచేస్తుంది. ఇది ఊహ కాదు. ఏకేఆర్ కణితి కణాల నుంచే తీసిన ఎస్‌ఎల్3-3 అనే వైరస్‌కూ ఏకేవీకీ తేడా కొంచెమే, కానీ అది లింఫోమా తెస్తుంది, ఇది తేదు. 1984లో జాక్ లెంజ్, విలియం హేజెల్టైన్ తదితరులు ఎల్‌టీఆర్ భాగాన్ని మాత్రం అటుదిటు మార్చి చూస్తే, జబ్బు తెచ్చే గుణం ఎల్‌టీఆర్ వెంటే పోయింది.

ఎన్వలప్ చేసే పని ఇంకోటి. ఏకేవీ ఒకసారి సోకిన కణం ఉపరితలం మీద ఆ వైరస్‌కు కావలసిన ద్వారం మూసుకుపోతుంది. ఆ ద్వారం నిజానికి అమైనో ఆమ్లాల్ని లోపలికి తెచ్చే ప్రోటీన్. ఒంట్లో ప్రతి కణమూ ఏకేవీతో నిండాక ఆ దారిన కొత్తగా ఏదీ దూరలేదు. ఎంసీఎఫ్ మాత్రం ఎక్స్‌పీఆర్1 అనే వేరే ద్వారం గుండా వెళ్తుంది. కాబట్టి ముందే ఏకేవీ సోకిన థైమస్ కణాల్లోకి కూడా దూరగలదు. దూరిన ప్రతిసారీ ఒక కొత్త ప్రొవైరస్ క్రోమోజోమ్‌లో ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. పైగా ఈ వైరస్ కుటుంబం విభజన చెందుతున్న కణంలోనే కేంద్రకంలోకి వెళ్లగలదు. నిరంతరం విభజన సాగే థైమస్ దానికి అనువైన చోటు. అందుకే థైమస్ తీసేసిన ఏకేఆర్ ఎలుకల్లో జబ్బు బాగా తగ్గిపోతుందని ఫర్త్ బృందం 1944లోనే చూసింది, కారణం మాత్రం దశాబ్దాల తర్వాత తెలిసింది.

చివరి మెట్టు దెబ్బ. ఈ వైరస్‌లలో కేన్సర్ జన్యువంటూ ఏదీ లేదు. అవి అతుక్కున్న చోటు పక్కన మిక్, పిమ్1 లాంటి, కణాన్ని పెరగమని ప్రేరేపించే జన్యువుంటే, ఎల్‌టీఆర్‌లోని ఎన్‌హాన్సర్ దాన్ని ఆగకుండా పనిచేయిస్తుంది. పిమ్1 జన్యువు బయటపడిందే ఇలాంటి కణితుల్లో. 1984లో నెదర్లాండ్స్‌లో ఆంటన్ బెర్న్స్ బృందం వేర్వేరు ఎలుకల కణితుల్లో ప్రొవైరస్ మళ్లీ మళ్లీ ఒకేచోట అతుక్కోవడం గమనించి దాన్ని పట్టింది. ఒక్క దెబ్బతో కణం కేన్సర్‌గా మారదు. ఒకే కణ వంశంలో రెండు మూడు చోట్ల తగలాలి. లక్షల కణాల్లో యాదృచ్ఛికంగా జరిగే పని ఇది. వైరస్ తయారవడానికి నాలుగైదు నెలలు, సరైన చోట తగలడానికి ఇంకొన్ని నెలలు పడతాయి. ఏడెనిమిది నెలల ఆలస్యం ఇలా కూడుతుంది. కణితి ఒకే కణం నుంచి పుడుతుంది కాబట్టే చాలాసార్లు థైమస్‌లోని రెండు తమ్మెల్లో (భాగాల్లో) ఒకదానిలోనే మొదలవుతుంది. శవపరీక్షలో రెండు తమ్మెల్నీ విడివిడిగా తూచండి. కలిపి తూస్తే తొలిదశ కణితి చేజారిపోతుంది, ఎందుకంటే కణితికి ముందు థైమస్ కొంత కుంచించుకుపోయి ఉంటుంది.

సీ57బీఎల్/6 సంగతి. వీటిలో 8వ క్రోమోజోమ్ మీద ఎమ్వ్2 అనే ఎకోట్రోపిక్ ప్రొవైరస్ ఒక్కటే ఉంది. దాని పాలిమరేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైము) జన్యువులో ఒక అక్షర దోషం వల్ల అది సంతానం కనలేదు. బీఎక్స్‌వీ1, పాలీట్రోపిక్ దాయాదులు వీటిలోనూ ఉన్నాయి గానీ వాటిని ఊరంతా తిప్పే వాహనం లేదు. రెండో అడ్డు ఎఫ్‌వీ1 అనే జన్యువు. ఏకేఆర్‌లో దీని ఎన్ రూపం, సీ57, బాల్బ్/సీ ఎలుకల్లో బీ రూపం ఉంటాయి. ఏకేవీ వైరస్ ఎన్ రకం కణాల్లో హాయిగా పెరుగుతుంది. బీ రూపం ఉన్న కణంలో వందల రెట్లు తక్కువగా పెరుగుతుంది. ఏకేఆర్, సీ57 కలిసిన మొదటి తరం పిల్లల్లో ఏకేవీ ప్రొవైరస్‌లు నిక్షేపంగా ఉంటాయి, అయినా జబ్బు చాలా తక్కువ. తండ్రి ఇచ్చిన వైరస్‌ను తల్లి ఇచ్చిన ఎఫ్‌వీ1 అణచివేస్తుంది. 1996లో ఈ జన్యువును విడదీసి చదివితే, అది కూడా ఒక పురాతన రెట్రోవైరస్ గ్యాగ్ జన్యువు (వైరస్ లోపలి గుల్లను తయారుచేసేది) అవశేషమని తేలింది. ఒక పాత వైరస్ ముక్కే కొత్త వైరస్‌కు కావలి కాస్తోంది.

అయితే సీ57లో ఎమ్వ్2 చచ్చిపోయిందని ధీమా పడకూడదు. 2012లో లండన్‌లోని మిల్ హిల్ పరిశోధకులు యాంటీబాడీలు తయారుచేయలేని సీ57 ఎలుకల్లో, ఉదాహరణకు రాగ్1 జన్యువు తీసేసిన వాటిలో, ఎమ్వ్2 దాయాది ముక్కతో తన దోషాన్ని సరిచేసుకుని బతికిన వైరస్‌గా లేవడం చూపించారు. అలాంటి కాలనీల్లో ముదురు వయసులో లింఫోమాలు కూడా వచ్చాయి. రోగనిరోధక లోపం ఉన్న కాలనీ నడిపేవారు ఈ విషయాన్ని గట్టిగా పట్టించుకోవాలి. మీ జన్యువు తీసేయడం వల్ల లింఫోమా వచ్చిందని రాసేముందు, కాలనీలో లేచిన వైరస్ వల్ల వచ్చిందేమో చూడండి.

ఇక ల్యాబ్‌లో తేల్చుకునే పద్ధతులు. బతికిన ఎకోట్రోపిక్ వైరస్ కోసం ఇప్పటికీ ఎక్స్‌సీ పరీక్ష మంచిదే. 60 మి.మీ. పళ్లెంలో సుమారు లక్ష ఎలుక కణాలు పరచండి. ఎస్‌సీ-1 కణాలైతే మేలు, వాటిలో ఎఫ్‌వీ1 అడ్డు లేదు. మర్నాడు, వైరస్ కణాలకు అంటుకోవడానికి తోడ్పడే డీఈఏఈ-డెక్స్‌ట్రాన్ మి.లీ.కి 25 మైక్రోగ్రాముల చొప్పున కలిపి, తోక కొసను నూరి తేర్చిన సారాన్ని పలచన వరసల్లో వేయండి. ఐదారు రోజులు పెరగనిచ్చి, ద్రవం తీసేసి అతినీలలోహిత దీపం కింద కణాల్ని చంపండి. వెంటనే పది లక్షల ఎక్స్‌సీ ర్యాట్ కణాలు పోయండి. మూడు నాలుగు రోజుల్లో, వైరస్ ఉన్నచోట ర్యాట్ కణాలు కలిసిపోయి అనేక కేంద్రకాల ముద్దలవుతాయి. రంగువేసి లెక్కపెట్టండి. ఫలితం సున్నా వస్తే మూడు అనుమానాలు: దీపం పాతబడి కణాలు చావలేదు, ఎక్స్‌సీ కణాలు ఎక్కువసార్లు మార్చడం వల్ల కలిసే గుణం పోయింది, లేదా బీ రకం కణాల మీద ఎన్ రకం వైరస్ వేశారు. ప్రతిసారీ తెలిసిన వైరస్ ఒక పళ్లెంలో ఉంచితే మొదటి రెండూ అక్కడే బయటపడతాయి. ఎంసీఎఫ్‌ను ఎక్స్‌సీ పరీక్ష చూపించదు. దానికి మింక్ కణాలే దిక్కు.

పీసీఆర్‌తోనే, అంటే ఒక డీఎన్‌ఏ ముక్కను లెక్కలేనన్ని ప్రతులుగా పెంచి పట్టే పరీక్షతోనే, ఎక్కువమంది దెబ్బతింటారు. వైరస్ ఎల్‌టీఆర్, గ్యాగ్, పాలిమరేజ్ భాగాలకు ప్రైమర్లు (ఏ ముక్కను పెంచాలో చూపే పొట్టి డీఎన్‌ఏ పోగులు) రాస్తే, ఏ ఎలుక డీఎన్‌ఏ అయినా పాజిటివ్ ఇస్తుంది, ఎందుకంటే ఆ యాభై ప్రొవైరస్‌లూ అక్కడే ఉన్నాయి. ఎకోట్రోపిక్ ఎన్వలప్‌కు మాత్రమే ఉన్న భాగం మీద ప్రైమర్లు పెట్టుకోవాలి. ఆర్‌ఎన్‌ఏ మీద చేస్తుంటే డీఎన్ఏజ్ (డీఎన్‌ఏను కోసేసే ఎంజైము) వేశాక కూడా రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైము) లేని గొట్టం ఒకటి తప్పకుండా పెట్టండి. అందులో గీత కనిపిస్తే మిగతాదంతా పారేయాల్సిందే. సీ57లో ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ వచ్చినా అది సోకే వైరస్ అని కాదు, ఎమ్వ్2 ఊరికే రాతప్రతి తీస్తుండవచ్చు. కణితిలో కొత్త ప్రొవైరస్ ఉందా లేదా తేల్చాలంటే, అదే ఎలుక తోక లేదా మూత్రపిండం డీఎన్‌ఏను పక్కన పెట్టి పోల్చాలి. సదరన్ బ్లాట్‌లో (డీఎన్‌ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసి గీతలుగా చూపే పరీక్ష) ఒక్కో వరసకు 10 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ వేస్తే, తోకలో లేని అదనపు గీతలు కణితిలో స్పష్టంగా నిలబడతాయి. ఏకేఆర్‌లో మూత్రపిండానికి కూడా వైరస్ సోకి ఉంటుంది కదా అంటారేమో. అక్కడ ఒక్కో కణంలో ఒక్కోచోట అతుక్కుంటుంది కాబట్టి గీతగా తేలదు. ఒకే కణం నుంచి పెరిగిన కణితిలో మాత్రమే తేలుతుంది.

కాలనీలో ఐదో నెల నుంచి వారానికి రెండుసార్లు ఎలుకల్ని చూడండి. వీపు వంచి కూర్చోవడం, రోమాలు రేగడం, మెడ కింద గ్రంథులు తగలడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఎగశ్వాస. థైమస్ కణితి ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది. ఎగశ్వాస కనిపించిన రోజే నొప్పి లేకుండా ముగించాలి, మర్నాటికి వదిలేస్తే బోనులో చచ్చి కుళ్లిన శవం దొరుకుతుంది, జంతువుకూ బాధ, మీకూ నమూనా దండగ. ఈ హద్దును సంస్థ జంతు నైతిక కమిటీకి ఇచ్చే దరఖాస్తులోనే రాయండి.

ఎలుక వైరస్‌లు మనుషుల కణాల్లోకి దూరి పరిశోధకుల్ని ఎంత దారి తప్పించగలవో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే ఎలుక ల్యుకేమియా వైరస్ కుటుంబపు వైరస్ చూపించింది. 2006లో ప్రోస్టేట్ కేన్సర్‌లో, 2009లో దీర్ఘకాలిక అలసట రోగుల్లో ఇది దొరికిందన్నారు. 2011 కల్లా తేలింది ఏమిటంటే, 1990లలో ఒక మానవ ప్రోస్టేట్ కణితిని ఎలుకల్లో ఒకదాన్నుంచి ఒకదానికి మారుస్తూ పెంచినప్పుడు, ఆ ఎలుకల్లోని రెండు ప్రొవైరస్‌లు కలిసి ఇది పుట్టింది. ఏకేఆర్ థైమస్‌లో జరిగే పనే అక్కడా జరిగింది. 2009 నాటి పత్రాన్ని 2011 డిసెంబరులో ఉపసంహరించారు. మానవ కణితుల్ని ఎలుకల్లో పెంచే ప్రతి ల్యాబ్ ఆ కణాల్ని ఎలుక వైరస్ కోసం పరీక్షించుకోవాలి. నమూనాలో ఎలుక డీఎన్‌ఏ కలిసిందా అని చూడటానికి ఐఏపీ అనే పాత రెట్రోవైరస్ తరహా వరసల పీసీఆర్ వాడండి. ఎలుక జన్యుసముదాయంలో అవి వేల ప్రతులున్నాయి కాబట్టి అణువంత కలుషితమైనా పట్టేస్తుంది.

మనుషుల్లో ఇలా జరుగుతుందా అని తప్పకుండా అడుగుతారు. మన జన్యుసముదాయంలో 8 శాతం పాత రెట్రోవైరస్‌ల అవశేషాలే, కానీ వాటిలో సోకగలిగే వైరస్‌గా లేచేది ఏదీ దొరకలేదు. మనుషుల్లో టీ-కణ ల్యుకేమియా తెచ్చే హెచ్‌టీఎల్‌వీ-1 వారసత్వంగా వచ్చేది కాదు, తల్లిపాలు, రక్తం, లైంగిక సంబంధాల ద్వారా సోకేది, దాని పద్ధతే వేరు. అయితే ఎన్‌హాన్సర్ దెబ్బ మాత్రం మనుషులకు ఒకసారి తగిలింది. పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని ఎక్స్-స్కిడ్ పిల్లలకు పారిస్, లండన్‌లలో ఎలుక ల్యుకేమియా వైరస్‌తో చేసిన వాహకం ద్వారా మంచి జన్యువు ఎక్కించారు. 20 మందిలో కనీసం ఐదుగురికి టీ-కణ ల్యుకేమియా వచ్చింది, ఒకరు చనిపోయారు. వారిలో ఎక్కువమందిలో వాహకం ఎల్‌ఎంఓ2 అనే జన్యువు పక్కన అతుక్కుంది. ఇప్పుడు ఈ చికిత్సకు వాడే వాహకాల్లో ఎల్‌టీఆర్‌లోని ఎన్‌హాన్సర్‌ను ముందే కోసేసి పంపిస్తున్నారు.